వంశం, గోత్రం, ఇంటిపేరు, దాయాది: ఏ మాట ఏ లెక్కకు?

పిల్లకు సంబంధం చూసేటప్పుడు "మీదే వంశం?" అని ఎవరూ అడగరు. ఇంటిపేరు అడుగుతారు, గోత్రం అడుగుతారు, ఆ తర్వాత వరస కలుపుకుంటారు. పొలం పంపకాల దగ్గర గోత్రం ఊసే రాదు, అక్కడ తేలాల్సింది దాయాదులెవరన్నది. ఇంట్లో ఎవరైనా పోతే మైల ఎవరెవరికి, ఎన్నాళ్లు అన్న మాట వస్తుంది. తహసీల్దారు కార్యాలయంలో వీటిలో ఏదీ పనికిరాదు, వారసులెవరో చెప్పమంటారు.

అమరకోశం మాత్రం వీటిని ఒకే గంపలో వేసింది. సంతతి, గోత్రం, జననం, కులం, అభిజనం, అన్వయం, వంశం, అన్వవాయం, సంతానం అన్నీ ఒకే అర్థానికి పర్యాయపదాలంది. నిఘంటువుకు అది సరిపోతుంది, బతుకులో సరిపోదు. ఈ మాటలు ఒక్కొక్కటీ ఒక్కో లెక్క కోసం పుట్టాయి. ఒక లెక్క మాటను ఇంకో లెక్కకు వాడడం వల్లే పెళ్లిళ్ల దగ్గరా ఆస్తుల దగ్గరా చిక్కులు వస్తున్నాయి.

వంశం: నిలువు గీత

సంస్కృతంలో వంశమంటే వెదురు కూడా. వేణువును వంశి అనడం అందుకే. కణుపు మీద కణుపుగా పెరిగే వెదురులా తరం మీద తరంగా సాగేది వంశం. కాబట్టి ఇది నిలువుగా లెక్కపెట్టే మాట. ఒక మనిషి నుంచి పైకి ఎవరు, కిందికి ఎవరు అన్నంతవరకే దీని పని. పక్కకు విస్తరించిన చుట్టరికం సంగతి దీనికి పట్టదు.

పైకి వెళ్లేటప్పుడు తెలుగు తొందరగా ఆగిపోతుంది. నాన్న, తాత, ముత్తాత. ఆ పైన "ముత్తాతకు తండ్రి" అనాల్సిందే, లేదంటే అందరినీ కలిపి తాతముత్తాతలు అనేయాలి. సంస్కృతంలో పితామహుడు, ప్రపితామహుడు, వృద్ధప్రపితామహుడు అని ఇంకో మెట్టు ఉంది. కిందికి మాత్రం తెలుగు బాగానే దిగుతుంది: కొడుకు, మనవడు, మునిమనవడు, ఇనిమనవడు.

చిక్కు మెట్ల సంఖ్యలో కంటే పక్కల్లో ఎక్కువ. నాయనమ్మ, అమ్మమ్మ అని ఆడవాళ్లను వేరుచేసిన తెలుగు, మగవాళ్లిద్దరినీ తాత అనే ఊరుకుంది. నాన్నకు నాన్నా తాతే, అమ్మకు నాన్నా తాతే. మనవడిదీ అదే సంగతి. కొడుకు కొడుకూ కూతురి కొడుకూ ఇద్దరూ మనవళ్లే. ఇంట్లో పిలుచుకోవడానికి ఇది హాయిగా ఉంటుంది. వీలునామాలో "నా మనవడికి" అని పేరు లేకుండా రాస్తే మాత్రం తగాదాను కాగితం మీద పెట్టినట్టే. రాతకోతల్లో పౌత్రుడు, దౌహిత్రుడు అన్న మాటలు నిలిచింది ఈ అవసరం కోసమే. పౌత్రుడు కొడుకు కొడుకు, దౌహిత్రుడు కూతురి కొడుకు. మాతామహుడంటే తల్లి తండ్రి. పాతకాలపు మాటలని వీటిని వదిలేస్తే, వాటి పని చేసే మాటలు వాడుకలో లేవు.

వంశోద్ధారకుడంటే కొడుకు కొడుకేనని చాలామంది గట్టిగా నమ్ముతారు. తెలుగుగడ్డ చరిత్ర అలా నడవలేదు. రుద్రమదేవి తర్వాత కాకతీయ సింహాసనం ఎక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. వేంగిలో పుట్టిన తూర్పు చాళుక్య రాకుమారుడు 1070లో మొదటి కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కింది తల్లి అమ్మంగదేవి వైపు నుంచి. ఆమె రాజేంద్ర చోళుడి కూతురు. ఇద్దరూ దౌహిత్రులే.

కులం కూడా ఒకప్పుడు ఈ నిలువు గీతకు చెందిన మాటే. కుటుంబం, ఇల్లు అని దాని పాత అర్థం. గురుకులం, కులదైవం అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. కులదైవమంటే ఇంటి దేవుడు, తెలుగులో ఇలవేల్పు. ఒకే కులంలో పక్కపక్క ఇళ్లకు వేర్వేరు ఇలవేల్పులు ఉండడంలో వింతేమీ లేదు.

గోత్రం: రక్తం లెక్క కాదు

వేదంలో గోత్రమంటే ఆవుల దొడ్డి. పాణిని నాటికి అది వ్యాకరణంలో ఖచ్చితమైన సాంకేతిక పదమైంది. "అపత్యం పౌత్రప్రభృతి గోత్రమ్" అని ఆయన సూత్రం. మనవడి నుంచి కిందికి ఉన్న సంతానాన్ని గోత్రం అనాలని దాని భావం. గర్గుడి కొడుకు గార్గి, మనవడి నుంచి గార్గ్యుడు. ఇంట్లో పెద్దవాడు బతికుండగా మునిమనవడిని గార్గ్యాయణుడు అనాలి. పేరు వింటే ఎన్నో తరమో, పెద్దవాడు ఉన్నాడో లేడో తెలిసేంత సూక్ష్మమైన లెక్క అది. ఆ సూక్ష్మత మనదాకా రాలేదు. ఇవాళ గోత్రమంటే మూలఋషి పేరుతో గుర్తించే ఒక సమూహం.

ధర్మశాస్త్రాలు గోత్రాలను విశ్వామిత్ర, జమదగ్ని, భరద్వాజ, గౌతమ, అత్రి, వసిష్ఠ, కశ్యపులనే ఏడుగురితోపాటు అగస్త్యుడితో కలిపి ఎనిమిది మూలాలకు చేరుస్తాయి. గోత్రం వెంట ప్రవర ఉంటుంది. ప్రవర అంటే ఆ గోత్రంలో ఎంచి చెప్పుకునే ఋషుల పేర్లు. భారద్వాజసులు ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజ అని ముగ్గురిని చెబుతారు. అది త్రయార్షేయం. శ్రీవత్సులు భార్గవ, చ్యావన, ఆప్నవాన, ఔర్వ, జామదగ్న్య అని ఐదుగురిని చెబుతారు. అది పంచార్షేయం.

సంబంధాల దగ్గర గోత్రం పేరు ఒక్కటే చూసి "వేరు వేరు, కుదుర్చుకోవచ్చు" అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. శాస్త్రం చూడమన్నది ప్రవరను కూడా. కౌండిన్యులూ వాసిష్ఠులూ పేరుకు వేరు గోత్రాలు. కౌండిన్యుల ప్రవర వాసిష్ఠ, మైత్రావరుణ, కౌండిన్య అని వసిష్ఠుడితోనే మొదలవుతుంది. కాబట్టి సంప్రదాయం ప్రకారం వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. అలాగని ఒక్క ఋషి కలిసినంత మాత్రాన ప్రతిసారీ అడ్డు కాదు. భృగు, అంగిరస గణాలకు మినహాయింపు ఉంది. వాళ్లలో త్రయార్షేయులకు ఇద్దరు, పంచార్షేయులకు ముగ్గురు ఋషులు కలిస్తేనే సమానప్రవర, అంటే పెళ్లికి అడ్డు. ఆంగీరస, అంబరీష, యౌవనాశ్వ అని చెప్పే హరితసులకూ భారద్వాజసులకూ ఆంగీరసుడొక్కడే ఉమ్మడి, అందుకే వాళ్ల మధ్య పెళ్లిళ్లు జరుగుతాయి.

ఒకే గోత్రం రెండు కులాల్లో కనిపిస్తే ఇద్దరిదీ ఒకే రక్తమని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నిలవదు. క్షత్రియ వైశ్యులకు వాళ్ల పురోహితుడి గోత్రప్రవరలే వర్తిస్తాయని యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షర రాసింది. అంటే చాలా ఇళ్లకు గోత్రం వచ్చింది పుట్టుక వల్ల కాదు, పురోహితుడి వల్ల. పైగా తెలుగునాట ఋషులతో సంబంధం లేని గోత్రాలు బోలెడు. పైడిపాల గోత్రం అలాంటిది. ఆర్యవైశ్యులు తమ గోత్రాలు 102 అనీ, పద్మశాలీలు 101 అనీ చెప్పుకుంటారు. గుడిలో అర్చన చేయించేటప్పుడు గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రమో శివ గోత్రమో చెప్పించడం ఆనవాయితీ. ఆ అర్చన చీటీలో రాసిన గోత్రాన్ని తర్వాత పెళ్లి సంబంధానికి ఆధారంగా చూపిస్తేనే తప్పు.

పెళ్లితో ఆడపిల్ల గోత్రం మారుతుంది. పాత రాజవంశాలు మాత్రం తల్లి పుట్టింటి గోత్రాన్ని పేరులోనే నిలుపుకున్నాయి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు అలాంటి పేర్లు. చాళుక్యుల తామ్రశాసనాల్లో "మానవ్యసగోత్రాణాం హారీతిపుత్రాణాం" అని రెండు వైపులా కలిపి చదువుతారు. దత్తత వెళ్లిన పిల్లవాడి గోత్రం కూడా మారుతుంది. కానీ కన్నవాళ్ల వైపు నిషేధాలు పోవు. పుట్టిన ఇంట్లో ఎవరిని చేసుకోకూడదో, దత్తత వెళ్లాక కూడా వాళ్లను చేసుకోకూడదని 1956 నాటి దత్తత చట్టం స్పష్టంగా చెప్పింది.

కన్యాదానంలో ఫలానా శర్మకు నప్త్రీం, ఫలానాకు పౌత్రీం, ఫలానాకు పుత్రీం అని వధువు వైపు మూడు తరాల పేర్లు చదువుతారు. వరుడి వైపూ అంతే. ఇక్కడ నప్త్రి అంటే మునిమనవరాలు. ముత్తాత పేరు తెలియక పీటల మీద వెతుక్కోవడం ఇప్పుడు మామూలైపోయింది. లగ్నపత్రిక రాసేనాడే ముగ్గురి పేర్లూ, గోత్రం, ప్రవర ఒక కాగితం మీద పురోహితుడికి ఇచ్చేయాలి.

సగోత్ర వివాహానికి చట్టంలో అడ్డు లేదు. 1946లో వచ్చిన చట్టం ఆ నిషేధాన్ని తీసేసింది, 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా గోత్రాన్ని పెళ్లికి అడ్డుగా పెట్టలేదు.

ఇంటిపేరు

పాతకాలంలో అభిజనం అన్న మాటకు ఒక చక్కటి నిర్వచనం ఉంది. ఇప్పుడు మనం ఉండేది నివాసం, మన పూర్వులు ఉన్నది అభిజనం. తెలుగు ఇంటిపేరు చాలావరకు ఈ అభిజనమే. టంగుటూరు నుంచి టంగుటూరి, కందుకూరు నుంచి కందుకూరి, అల్లూరు నుంచి అల్లూరి. ఊరు ఊరిగా మారడం, పురం పురపు కావడం, వరం వరపు కావడం అంతా "ఆ ఊరి" అని చెప్పే ప్రత్యయం పని. అందుకే ఇంటిపేరు ముందుంటుంది, మనిషి పేరు తర్వాత వస్తుంది.

ఒక ఊరి నుంచి అన్ని కులాలవాళ్లూ వలస వెళ్లారు. కాబట్టి ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉండడం సహజం. ఇంటిపేరు చూసి కులం తేల్చేయడం తప్పు. ఒకే కులంలో ఒకే ఇంటిపేరు ఉంటే మాత్రం అన్నదమ్ముల వరస. గోత్రాల పట్టింపు అంతగా లేని ఇళ్లలో పెళ్లికి గీత గీసేది ఇంటిపేరే. ఒకే కులం, ఒకే ఇంటిపేరు, వేర్వేరు గోత్రాలు అని తేలితే ఆ రెండు ఇళ్లవాళ్లూ ఒకే ఊరి నుంచి బయల్దేరిన వేర్వేరు మనుషుల సంతతి అయ్యుండొచ్చు. లేదా మధ్యలో ఒక దత్తతో ఇల్లరికమో జరిగి ఉండొచ్చు. ఇల్లరికపు అల్లుడి గోత్రం మారదు. ఊరి జనం మాత్రం అతని పిల్లలను అమ్మమ్మగారి ఇంటిపేరుతో పిలవడం అలవాటు చేసుకుంటారు. రెండు తరాలు గడిచాక అదే అసలు ఇంటిపేరు అయిపోతుంది.

వరస, సపిండం

తెలుగులో చుట్టాలందరూ రెండు ముక్కలు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వరస ఒకటి. బావ, మరదలు వరస ఇంకొకటి. పెదనాన్న, బాబాయి పిల్లలూ, పెద్దమ్మ, పిన్ని పిల్లలూ మొదటి ముక్క. మేనత్త, మేనమామ పిల్లలు రెండోది. మేనరికం మనకు చాలా పాతది. మూడో శతాబ్దంలో విజయపురి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్లను పెళ్లాడిన సంగతి నాగార్జునకొండ శాసనాల్లో ఉంది. వేంగి రాజరాజనరేంద్రుడు చేసుకున్న అమ్మంగదేవి అతని మేనమామ కూతురు.

గోత్రం లెక్కలో మేనమామ కూతురు వేరు గోత్రం. సపిండం లెక్కలో మాత్రం దగ్గర మనిషి. పిండం పంచుకునే దగ్గరితనం సపిండం. తండ్రి, తాత, ముత్తాతలకు పిండాలు పెడతారు, ఆ లెక్క ఏడో పురుషుడితో ఆగుతుందని మనుస్మృతి. తండ్రి వైపు ఏడు, తల్లి వైపు ఐదు తరాలని యాజ్ఞవల్క్యుడు. 1955 చట్టం దీన్ని తండ్రి వైపు ఐదు, తల్లి వైపు మూడు తరాలకు కుదించింది. లెక్కపెట్టేటప్పుడు తనను తాను ఒకటిగా వేసుకోవాలి. తాను ఒకటి, తండ్రి రెండు, తాత మూడు, ముత్తాత నాలుగు, ముత్తాత తండ్రి ఐదు. తల్లి వైపు తాను, తల్లి, తల్లి తల్లిదండ్రులు, అంతే. తనను వదిలేసి తండ్రిని ఒకటిగా మొదలెట్టేవాళ్లకు ప్రతిసారీ ఒక తరం తేడా వస్తుంది.

ఈ చట్టం ప్రకారం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లి, మేనమామ మేనకోడళ్ల పెళ్లి నిషిద్ధ సంబంధాలే. వాటిని కాపాడుతున్నది చట్టంలోని ఆచారం మినహాయింపు. ఇరువైపులా ఆ ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరున నడుస్తూ ఉండాలి. ఆచారం లేని కులంలో చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా నెల వరకు సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మైల లెక్క కూడా ఈ పిండం నుంచే వచ్చింది. శాస్త్రం ప్రకారం ఏడు తరాల లోపు జ్ఞాతులకు, అంటే తండ్రి వైపు వాళ్లకు పది రోజులు, ఆ పై ఏడు తరాల సమానోదకులకు (తర్పణ జలం వరకే పంచుకునేవాళ్లకు) మూడు రోజులు, ఇంకా దూరపు సగోత్రులకు స్నానంతో సరి. ఇక్కడ పిలుపుల కన్నా తరాల సంఖ్యే ముఖ్యం.

దాయాది, పాలివాడు, వారసుడు

దాయమంటే వంశంలో పంచుకునే ఆస్తి. దాన్ని తీసుకునేవాడు దాయాదుడు, అదే వాడుకలో దాయాది. అచ్చతెలుగులో అదే మనిషి పాలివాడు. పల్లెల్లో "వాళ్లు మా పాలోళ్లు" అనేది దీన్నే. ఈ పాలు తాగే పాలు కాదు, పాలుపంచుకోవడంలో ఉన్న పాలు, అంటే వాటా. సంస్కృతమూ తెలుగూ రెండూ ఒకే ఆలోచనతో, వాటా పేరు మీదనే ఈ మాటను పుట్టించాయి. దాయాదుల పోరు అన్న నానుడిలో పోరు వచ్చింది కూడా ఆ వాటా దగ్గరే.

వారసుడు అరబ్బీ నుంచి వచ్చినవాడు. దానికి సంస్కృత ప్రత్యయం తగిలించి వారసత్వం చేసుకున్నాం. తెలంగాణ రెవెన్యూ వాడుకలో వారసత్వానికి వాడే విరాసత్, గుడి అర్చకుల వంశపారంపర్య హక్కైన మిరాశీ కూడా ఆ ధాతువు నుంచే పుట్టాయి. దాయాదీ వారసుడూ ఒకరు కాదు. పెదనాన్న కొడుకు దాయాదే. కానీ పెదనాన్నకు తోబుట్టువుగా మీ నాన్న ఉన్నా, పెదనాన్న భార్యాపిల్లలు ఉండగా మీ ఇంటికి ఆయన స్వార్జితం, అంటే ఆయన సొంతంగా సంపాదించినది రాదు. మైల పట్టినంత మాత్రాన హక్కు వచ్చేయదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట పిత్రార్జితం. విడదీస్తే తండ్రి సంపాదించినది అని అర్థం. వాడుకలో మాత్రం దీన్ని తాతల నాటి ఆస్తికి వాడుతున్నాం. చట్టానికి ఆ రెండూ వేరు. తండ్రి తన జీతంతో కొన్న ఇల్లు ఆయన స్వార్జితం. ఆయన ఎవరికైనా రాసిచ్చేయవచ్చు, పుట్టుకతో కొడుక్కు అందులో హక్కు లేదు. వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమానంగా పంచుకుంటారు. ఆ తల్లి వాటాను మర్చిపోయి రాసిన పంపకాలు ఎన్నో. అలా వచ్చిన వాటా కూడా కొడుకు చేతిలో సొంత ఆస్తే అవుతుంది, మనవళ్లకు పుట్టుకతో హక్కు రాదని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. పుట్టుకతో హక్కు వచ్చేది తండ్రి, తాత, ముత్తాతల నుంచి ఉమ్మడిగా దిగివచ్చిన ఆస్తిలో మాత్రమే. దస్తావేజులో "పిత్రార్జితము" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఈ రెంటిలో ఏదో తేలదు. ఎవరి పేరున, ఏ సంవత్సరం, ఏ దస్తావేజుతో వచ్చిందో రాయించాలి.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉంది, కానీ అప్పటికే పెళ్లైన కూతుళ్లకు ఇవ్వలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పెళ్లైన కూతుళ్లను వదిలేసి వేసిన వంశవృక్షం ఆస్తి పనికి చెల్లని కాగితమే.

వంశవృక్షం వేసేటప్పుడు

మొదలు తనతో పెట్టాలి, మూలపురుషుడితో కాదు. ఒక్కో మనిషికి పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు రాయాలి. కోడళ్లకు పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా రాయాలి. అది లేకపోతే రెండు తరాల తర్వాత మేనరికాలేవో, సపిండం ఎక్కడ తగులుతుందో చెప్పలేం. పిచ్చికుంట్ల కళాకారులు కంఠస్థంగా చెప్పే వంశావళులు, గయలో పండాలు (తీర్థ పురోహితులు) యాత్రికుల వంశాలు రాసిపెట్టే బహీలు, పాత రెవెన్యూ రికార్డులు సాయపడతాయి. నిజాం కాలపు కాగితాల్లో "వల్ద్" అని కనిపిస్తే ఫలానావాడి కొడుకు అని అర్థం. రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900-01.

అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. దాంతో "వెంకయ్య, తండ్రి సుబ్బయ్య" అని ఒక కాగితం, "సుబ్బయ్య, తండ్రి వెంకయ్య" అని ఇంకో కాగితం దొరుకుతాయి. రెండూ నిజమే, వెంకయ్యలు మాత్రం ఇద్దరు. దీనికి తోడు పాత జాతకాల్లో, తాటాకుల్లో సంవత్సరం పేరే ఉంటుంది, అంకె ఉండదు. ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1927 ప్రభవ, 1987 కూడా ప్రభవ. అరవై ఏళ్లంటే దాదాపు రెండు తరాలు. కాబట్టి ప్రభవలో పుట్టిన వెంకయ్య తాతా కావచ్చు, మనవడూ కావచ్చు. తిథితోపాటు వారం రాసి ఉంటే పాత పంచాంగం తీసి రెండు సంవత్సరాలకూ సరిచూడాలి, సాధారణంగా ఒక్కదానికే కుదురుతుంది. వారం లేకపోతే ఆ కాగితంలో ఉన్న భార్య పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు పట్టుకోవాలి. తాతా మనవళ్ల పేర్లు కలుస్తాయి గానీ, వాళ్ల భార్యల పుట్టిళ్లు కూడా కలవడం అరుదు.